బడి ఫుట్‌బాల్ పత్రిక: గ్రౌండ్ గీత దగ్గర్నుంచి ప్రెస్సు దాకా

ఫుట్‌బాల్ పత్రిక తెస్తామనగానే పిల్లలు మొదట చేసే పని ఫోన్‌లో మెస్సీ బొమ్మ వెతకడం. తర్వాత అతని జీవిత చరిత్ర ఎక్కణ్నుంచో దించుకుంటారు. అలా నింపిన పేజీలు ఎవరూ చదవరు, ఆ సంగతులు ప్రతి జేబులోని ఫోన్‌లోనూ ఉన్నాయి కాబట్టి. మొన్న శనివారం మన గ్రౌండ్‌లో అండర్-14 జట్టు రెండో హాఫ్‌లో మూడు గోల్స్ ఎందుకు ఇచ్చుకుందో మాత్రం ఏ ఫోన్‌లోనూ దొరకదు. పత్రికకు సరుకు అదే. కాబట్టి పని నోట్‌బుక్‌తో మొదలై, మడిచిన కాగితం మీదికి వచ్చి, ఆ తర్వాతే కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలి. చాలా బళ్లలో ఈ వరస తలకిందులవుతుంది.

ఇక్కడ లెక్కకు తీసుకున్న పత్రిక: ఎ4 సైజు, 24 పేజీలు, 200 కాపీలు. 8 నుంచి 10వ తరగతి దాకా ఉన్న పది పన్నెండు మంది పిల్లలు, ఒక టోర్నమెంటు, ఆరు వారాలు. మొదటి మూడు వారాలు మ్యాచ్‌లూ రాతా, తర్వాత రెండు వారాలు పేజీలు కట్టడమూ ప్రూఫులూ (అచ్చుకు ముందు తప్పులు దిద్దడం), చివరి వారం ప్రెస్సు. పరీక్షలకు ముందు నెలలో మొదలుపెట్టవద్దు.

ముందే తేల్చుకోవలసినవి

పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలవుతాయి గనక 22 పేజీల సరుకు తెస్తే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. 16, 20, 24, 28లో ఒకటి ఎంచుకోండి. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో అచ్చు వేసే పద్ధతిలో) వేయించాలనుకుంటే ప్రెస్సువాళ్లు 1/4 డెమ్మీ సైజు సూచించవచ్చు. అందులో ఒక ఫారం అంటే 8 పేజీలు, 24 పేజీలంటే మూడు ఫారాలు. ఎ4 కంటే కొలతలు కాస్త మారతాయి కాబట్టి ఈ మాట మొదటి వారమే తేలాలి. పేజీలన్నీ కట్టాక సైజు మారిస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

రెండోది తల్లిదండ్రుల అనుమతి. ఫొటో, పేరు వేసే ప్రతి విద్యార్థి ఇంటి నుంచీ సంతకంతో కాగితం తేవాలి. చదవలేని తల్లిదండ్రులకు అందులో ఏముందో చదివి వినిపించాలి. ఒప్పుకోనివారి పిల్లల్ని జట్టు ఫొటోలోంచి కత్తిరించడం కంటే, వెనక నుంచి తీసిన ఫొటో వాడటం మర్యాద. పుట్టిన తేదీ, ఊరి చిరునామా, హాస్టల్ గది, ఫోన్ నంబరు ఎక్కడా వేయొద్దు. పేరు, తరగతి, జెర్సీ నంబరు, ఆడే స్థానం చాలు.

ఇంటర్నెట్‌లోంచి తీసిన ఫొటోలు, క్లబ్బుల ముద్రలు వద్దు. వాటికి హక్కుదారులున్నారు. పైగా అవి ప్రింటులో మసకగా వస్తాయి. పెద్ద ఆటగాడి బొమ్మ తప్పనిసరి అనిపిస్తే తరగతిలో బొమ్మలు వేసే పిల్లవాణ్ని పట్టుకోండి.

పనుల పంపకం విషయానికొస్తే, ఒక సంపాదకుడు లేదా సంపాదకురాలు, ముగ్గురు మ్యాచ్ రిపోర్టర్లు, గోల్స్, పాయింట్ల లెక్కలు చూసేవాళ్లు ఇద్దరు, ఫొటోలకు ఇద్దరు, పేజీలు కట్టడానికి ఇద్దరు, ప్రూఫులకు ఇద్దరు. పీఈటీ సారు ఆటకు సంబంధించిన తప్పులు చూడాలి, తెలుగు మేడమ్ భాష చూడాలి. వాళ్లు దిద్దాలి గానీ తిరగరాయకూడదు. తిరగరాసిన వ్యాసం చదవగానే తెలిసిపోతుంది. ఎనిమిదో తరగతి కుర్రాడు "నిర్విరామ కృషితో" అని రాయడు.

గ్రౌండ్ దగ్గర నోట్‌బుక్

పత్రిక బాగుండటం, ఉండకపోవడం ఇక్కడే తేలిపోతుంది. ఒక్కడే చూస్తూ రాసుకుంటే, తల వంచినప్పుడే గోల్ పడుతుంది. అందుకే ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి, మూడోవారు వాచీ పట్టుకుని నిమిషాలు చెప్పాలి. ముగ్గురూ సెంటర్ లైను దగ్గర, టచ్‌లైనుకు (గ్రౌండ్ పక్క గీతకు) రెండడుగులు వెనక నిలబడితే రెండు పెనాల్టీ ఏరియాలూ కనిపిస్తాయి.

మ్యాచ్ మొదలవకముందే రాసుకోవలసినవి: రెండు జట్ల జెర్సీ నంబర్లు, ఎవరు ఏ స్థానంలో ఆడుతున్నారు, ఒక్కో హాఫ్ ఎన్ని నిమిషాలు, ఏ జట్టు ఎటువైపు దాడి చేస్తోంది, ఎండ ఎవరి కళ్లలో పడుతోంది. పేర్లు ఎదుటి జట్టు కోచ్ దగ్గరి లిస్టు చూసి ఎక్కించుకోవాలి. చెవికి వినిపించినట్టు రాసుకుంటే తప్పులొస్తాయి.

ఆట నడుస్తున్నప్పుడు ఒక్కో సంఘటనకు ఒక్కో లైను, మొదట నిమిషం, ఆటగాళ్లకు జెర్సీ నంబర్లు:

12 – కార్నర్, కుడి – తీసింది 8 – హెడర్ 5 – బారు మీదుగా.
19 – ఫౌల్, వాళ్ల 3 మన 11 మీద – ఫ్రీ కిక్ 20 మీటర్ల దూరం – గోడకు తగిలింది.
27 – గోల్ 7, ఎడమకాలు – పాస్ 10 – కీపర్ ముందుకొచ్చి ఉన్నాడు.

ఆ మూడో లైనులోని "కీపర్ ముందుకొచ్చి ఉన్నాడు" అన్న ముక్కే రేపు వ్యాసానికి ప్రాణం. ఎవరు కొట్టారన్నది అందరికీ గుర్తుంటుంది. ఎలా పడిందన్నది సాయంత్రానికే మరిచిపోతారు.

దీనితోపాటు ఒక గ్రౌండ్ బొమ్మ పెట్టుకోండి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండును మీటరుకు ఒక మిల్లీమీటరు లెక్కన గీస్తే 105 × 68 మి.మీ. దీర్ఘచతురస్రం వస్తుంది. పెనాల్టీ ఏరియా 40 × 16.5 మి.మీ., గోల్ ఏరియా 18 × 5.5, గోల్ 7 మి.మీ., పెనాల్టీ చుక్క గోల్ లైను నుంచి 11 మి.మీ., మధ్య వృత్తం వ్యాసార్ధం 9 మి.మీ. నిలువుగా పెడితే పత్రికలో ఒక కాలమ్‌లో సరిగ్గా ఇమిడిపోతుంది. బడి గ్రౌండు ఇంతకంటే చిన్నదే ఉంటుంది, టేపుతో కొలిచి అదే లెక్కన గీయండి. షాట్ ఎక్కణ్నుంచి కొట్టారో అక్కడ గుర్తు పెట్టాలి: గోల్ అయితే నిండు చుక్క, కీపర్ ఆపితే ఖాళీ చుక్క, బయటికి పోతే ఇంటూ గుర్తు. మూడు మ్యాచ్‌లు ఇలా గుర్తులు పెడితే, మన షాట్లన్నీ పెనాల్టీ ఏరియా బయటి నుంచే పోతున్నాయన్న సంగతి కోచ్ కంటే ముందు పత్రికకే తెలిసిపోవచ్చు.

మ్యాచ్ అయ్యాక గోల్ కొట్టినవాళ్లను "ఎలా అనిపిస్తోంది?" అని అడగొద్దు. "చాలా సంతోషంగా ఉంది" తప్ప ఏమీ రాదు. "బంతి అందేసరికి కీపర్ ఎక్కడున్నాడు?", "కుడికాలితో కాకుండా ఎడమకాలితో ఎందుకు కొట్టావ్?" అని అడగండి. ఓడిన జట్టు కెప్టెన్నీ అడగాలి.

ఒక నియమం పెట్టుకుంటే మంచిది. సెల్ఫ్ గోల్ వేసిన పిల్లవాడి పేరు స్కోరు వివరాల్లో ఉంటే ఉండొచ్చు గానీ హెడ్డింగులో ఉండకూడదు. వాడు సోమవారం అదే బడికి రావాలి.

ఫొటోలు

ఫోన్ సరిపోతుంది, జూమ్ మాత్రం పనికిరాదు. వేళ్లతో జూమ్ చేస్తే ఫోన్ బొమ్మను కత్తిరించి సాగదీస్తుంది. కాళ్లతో దగ్గరికి వెళ్లండి: గోల్ లైను వెనక, గోల్‌పోస్టుకు నాలుగైదు మీటర్లు పక్కన, మోకాలి మీద కూర్చుని. పరుగెత్తే కాళ్లు ఆగినట్టు రావాలంటే షట్టర్ సెకనులో 1/500 వంతు కంటే వేగంగా ఉండాలి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు, లేకపోతే ఎండ ఉన్నప్పుడు బర్స్ట్‌లో (వరసగా చాలా ఫొటోలు) తీయండి. సాయంత్రం ఎండ వీపు వెనక ఉండేలా నిలబడాలి.

ఇక కొలతలు. ప్రింటులో అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఎ4 పేజీ నిండా వేయాలంటే దాదాపు 2500 × 3500 పిక్సెళ్లు ఉండాలి, 250 చుక్కల దాకా తగ్గినా కంటికి తెలియదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో తరచూ 1600 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. అది 13.5 సెంటీమీటర్ల వెడల్పుకే సరిపోతుంది, అంటే ఎ4 పేజీలో మూడింట రెండు వంతులు కూడా కాదు. డాక్యుమెంటుగా పంపితే అసలు సైజు అలాగే వస్తుంది. ముఖచిత్రం పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క కారణం వల్లే.

ప్రతి మ్యాచ్‌లోనూ కవర్ కోసం నిలువు ఫొటోలు పదైనా తీయాలి, పైభాగంలో మూడో వంతు ఆకాశం వదిలి. పత్రిక పేరు కూర్చునే చోటు అదే. ఈ సంగతి ఫొటోలు తీసేవాళ్లకు ముందే చెప్పకపోతే తలలన్నీ పై అంచుకు తగిలి ఉంటాయి.

డమ్మీ

ఆరు ఎ4 కాగితాలు ఒకదానిపై ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 24 చిన్న పేజీల పుస్తకం వస్తుంది. ఇదే డమ్మీ, అంటే పత్రిక నమూనా. పెన్సిల్‌తో 1 నుంచి 24 దాకా అంకెలు వేసి, మళ్లీ విప్పి చూడండి. ఒకే కాగితంపై ఒకేవైపు ఉన్న రెండు పేజీల అంకెలు కూడితే ఎప్పుడూ 25 వస్తుంది: 24, 1; 2, 23; 12, 13. రంగు ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది. అన్నీ రంగు పేజీలు వేసే స్తోమత లేకపోతే రెండు కాగితాలకే రంగు వేయించండి. పై కాగితంలో 1, 2, 23, 24 పేజీలు, నడిమి కాగితంలో 11, 12, 13, 14 పేజీలు వస్తాయి. మొత్తం ఎనిమిది రంగు పేజీలు. మంచి ఫొటోలన్నీ అక్కడికి చేరాలి. ఈ లెక్క తెలియక 7వ పేజీలో రంగు కావాలని పట్టుబడితే, దానితోపాటు 8, 17, 18 పేజీలకూ రంగు ఖర్చు పడుతుంది.

ఇప్పుడు ఏ పేజీలో ఏముంటుందో డమ్మీ మీదే రాయాలి. పనికొచ్చే ఒక అమరిక:

1 ముఖచిత్రం. 2 సీజన్‌కే మంచి ఫొటో, కింద పత్రిక బృందం పేర్లు. 3 విషయసూచిక, సంపాదకీయం. 4–5 జట్లు. 6–10 మ్యాచ్ రిపోర్టులు. 11 ఫొటోలు. 12–13 గోడకు అంటించుకునే జట్టు ఫొటో. 14 ఫొటోలు. 15 ఇంటర్వ్యూ. 16–17 చరిత్ర. 18 రూల్ పేజీ. 19 ప్రాక్టీసు. 20–21 లెక్కలు. 22 ఉత్తరాలు, పజిల్. 23 ధన్యవాదాలు, ప్రకటనలు. 24 వెనక అట్ట.

బాలికల జట్టు ఉంటే వాళ్ల మ్యాచ్‌లు 6–10 పేజీల్లోనే తేదీల వరసలో రావాలి. చివర్లో "బాలికల పేజీ" అని విడిగా ఒకటి పడేస్తే అది ఎవరి పత్రికో చెప్పకనే చెప్పినట్టు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత మహిళా జట్టుకు ఆడింది. ఆమె గురించి రాసే వ్యాసమూ ఆ మూలకు పోకూడదు.

చరిత్ర పేజీలకు హైదరాబాద్‌ను మించిన సరుకు లేదు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వచ్చినవాడు. ఇంత కథకు ఒక పేజీ చాలు. రెండో పేజీ మీ ఊళ్లో ఒకప్పుడు ఆడిన పెద్దాయన కోసం ఉంచండి. ఆయన దగ్గర పాత ఫొటో ఉంటే నీడ పడకుండా కిటికీ దగ్గర పెట్టి తీసుకుని, అసలుది అప్పుడే తిరిగి ఇచ్చేయాలి.

రూల్ పేజీలో ఒక్క రూలే తీసుకోండి. "గోల్ కొలతలు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు" అని రాసి ఊరుకోకుండా, మన బడి గోల్‌పోస్టులు కొలిచి తేడా ఎంతో పక్కనే వేయండి. అది అందరూ చదువుతారు.

రాత

"ఉత్కంఠభరితంగా సాగిన పోరులో" అనే మాటను మొదటి రోజే నిషేధించాలి. మ్యాచ్ రిపోర్టు మొదటి వాక్యంలో ఫలితం, దాన్ని తేల్చిన క్షణం రెండూ ఉండాలి: "ఆట ముగియడానికి నాలుగు నిమిషాల ముందు 7వ నంబర్ ఎడమకాలితో కొట్టిన గోల్‌తో మన అండర్-14 జట్టు 2–1తో గెలిచింది." తర్వాత ఎలా జరిగిందో రాయాలి. అన్ని నిమిషాలూ వరసగా చెప్పక్కర్లేదు. ఒక్కో రిపోర్టు 200 నుంచి 250 మాటలు, పక్కన చిన్న పెట్టెలో స్కోరు, గోల్స్, కార్డులు, గ్రౌండ్ బొమ్మ.

ఒకే మాటను అందరూ ఒకేలా రాయడానికి గోడకు ఒక పట్టిక అంటించండి: ఆఫ్‌సైడ్, త్రో ఇన్, ఫ్రీ కిక్, సెల్ఫ్ గోల్, కీపర్. "లక్ష్యరక్షకుడు" లాంటి అనువాదాలు గ్రౌండ్‌లో ఎవరూ అనరు, పత్రికలో రాయడమెందుకు?

పేజీ మీద తెలుగు అక్షరం

ఇంగ్లిష్ పత్రికల టెంప్లేట్ తెచ్చి అందులో తెలుగు పోస్తే పేజీ చెడుతుంది. మన అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు, ఏత్వాలు ఉన్నాయి. 11 పాయింట్ల అక్షరానికి ఇంగ్లిష్‌లో 13 పాయింట్ల లైను సరిపోతే, తెలుగులో 16 నుంచి 17 ఇవ్వాలి. తక్కువిస్తే "రాష్ట్ర" ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

మన మాటలు పొడవు. "ఆడలేకపోయినప్పటికీ" ఒక్కటే సగం లైను మింగుతుంది. అందుకే ఎ4లో మూడు కాలమ్‌లు వద్దు. లోపలి అంచు 18 మి.మీ., బయటి అంచు 15 వదిలి, నడుమ 7 మి.మీ. సందు పెడితే 85 మి.మీ. కాలమ్‌లు రెండు వస్తాయి. రెండు వైపులా సమంగా లాగకుండా ఎడమవైపు మాత్రమే సరిచేయండి. లాగితే మాటల మధ్య గుంతలు పడతాయి.

ఫాంటు రెండు చాలు, ఒకటి విషయానికి, ఒకటి హెడ్డింగులకు. విషయానికి నోటో సెరిఫ్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి బాగుంటాయి. మండలిలో ఒక్క మందమే ఉంది. బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ బోల్డ్ పుట్టించి అక్షరాల కడుపులు పూడ్చేస్తుంది. హెడ్డింగులకు రామభద్ర, లేదా చాలా మందాలున్న అనెక్ తెలుగు వాడండి. తెలుగుకు ఇటాలిక్ లేదు, వాలిస్తే పడిపోతున్నట్టుంటుంది.

పత్రిక పేరు రెండు నుంచి నాలుగు అక్షరాల్లో ఉంటే పెద్దగా వేయొచ్చు. పేరులో ఒత్తు ఉంటే అది ఫొటోలోకి దిగుతుంది. దాన్ని ముఖం మీద పడనివ్వకుండా చూసుకోవాలి.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. పిల్లలు వాట్సాప్‌లో టైపు చేసి పంపిన వ్యాసాల్లో ఇంకో చిక్కుంది: "ఫుట్‌బాల్" కాస్తా "ఫుట్బాల్" అవుతుంది. "ట్" తర్వాత కంటికి కనిపించని విరామ సంకేతం ఒకటి ఉండాలి. అది లేకపోతే "బ" ఒత్తుగా మారి కింద చేరుతుంది. సరైన రూపం ఒకసారి టైపు చేసి, మొత్తం ఫైలులో వెతికి మార్చండి.

గడ్డి మీద తెల్ల అక్షరాలు స్క్రీన్ మీద బాగుంటాయి, ప్రింటులో సన్న గీతలు సిరాతో పూడిపోతాయి. వేసి తీరాలంటే 14 పాయింట్లకు పైన, మందమైన ఫాంటులో వేయండి.

ప్రూఫు

తెర మీద చదివిన ప్రూఫు ప్రూఫు కాదు. ప్రింటు తీసి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు నోట్‌బుక్‌తో పోల్చాలి. లెక్కలకు వేరే పరీక్షలున్నాయి. పాయింట్ల పట్టికలో మొత్తం గెలుపులు, మొత్తం ఓటములు సమానం కావాలి. అన్ని జట్లు కొట్టిన గోల్స్ మొత్తం, ఇచ్చుకున్న గోల్స్ మొత్తానికి సరిపోవాలి. గెలుపుకు 3, డ్రాకు 1 లెక్కన పాయింట్లు మళ్లీ కూడాలి. మన ఆటగాళ్ల గోల్స్‌కు ఎదుటివాళ్ల సెల్ఫ్ గోల్స్ కలిపితే మన జట్టు గోల్స్ రావాలి. ఎక్కడ తేడా వచ్చినా ఒక మ్యాచ్ తప్పు పడిందన్నమాటే. పేర్లు మాత్రం హాజరు పట్టీతోనే పోల్చాలి. ఒక పిల్లవాడి పేరు తప్పు పడితే వాళ్లింట్లో ఆ కాపీ ఎప్పటికీ అలాగే ఉంటుంది.

ప్రెస్సు దగ్గర

మూడు చోట్ల ధర అడగండి, మూడు చోట్లా ఇదే చీటీ ఇచ్చి (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, మ్యాప్‌లితో అంటే మెరుపు లేని మామూలు కాగితం):

"ఎ4 నిలువు, 24 పేజీలు. కవర్ 4 పేజీలు 220 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, నాలుగు రంగులు, బయటివైపు మాట్ లామినేషన్. లోపలి 20 పేజీలు 80 జీఎస్‌ఎం మ్యాప్‌లితో. 11 నుంచి 14 నాలుగు రంగులు, మిగతా 16 నలుపు. సెంటర్ పిన్నింగ్, మూడు వైపులా కటింగ్. 200 కాపీలు. పీడీఎఫ్ మేమే ఇస్తాం. ప్లేట్లు, జీఎస్టీ కలిపి ధర చెప్పండి."

ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే గనక కాపీలు పెరిగేకొద్దీ చవక. 200 కాపీలకు సాధారణంగా డిజిటల్ ప్రింటింగే గిట్టుబాటవుతుంది. రెండు ధరలూ అడిగి చూడండి.

ఫైలు పీడీఎఫ్‌గానే ఇవ్వాలి, ఫాంట్లు అందులో ఇమిడ్చి. ఇంకా చాలా ప్రెస్సుల్లో పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, "అను" అనే పాత తెలుగు ఫాంట్లు నడుస్తున్నాయి. యూనికోడ్‌లో (ఫోన్లలో వాడే తెలుగు టైపింగ్ పద్ధతిలో) ఉన్న వ్యాసం అక్కడ అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, మార్చబోతే ఒత్తులు పోతాయి. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) వదలాలి, అంటే పేజీ 216 × 303 మి.మీ. అవుతుంది. లేకపోతే కటింగ్‌లో అంచున తెల్ల గీత పడుతుంది. విషయం అక్షరాలు నలుపు ఒక్కదానితోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపైతే ప్లేటు వెంట్రుకంత జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ వస్తుంది. మ్యాప్‌లితో సిరా పీల్చుకుంటుంది కాబట్టి లోపలి ఫొటోలు స్క్రీన్ మీద కాస్త వెలిసినట్టు కనిపించేంత తేలిక చేసి ఇవ్వండి. పేజీ అంకెలు అంచుకు 10 మి.మీ. లోపల ఉండాలి. మడతలో నడిమి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి, వాటి అంచే ఎక్కువ తెగుతుంది.

ఒక్క కాపీ ముందుగా తీయించి, పిన్ను కొట్టించి, కట్ చేయించి చూడండి. 12–13 పేజీల జట్టు ఫొటోలో మడత ఎవరి ముఖం మీద పడిందో అక్కడే తెలుస్తుంది. పడితే ఫొటోను ఒక సెంటీమీటరు పక్కకు జరిపి, మళ్లీ పీడీఎఫ్ తీసి, అప్పుడు సరేననండి. కాపీలు చేతికొచ్చాక పది యాదృచ్ఛికంగా తీసి పేజీల వరస చూడాలి. తప్పున్నవి ఆ రోజే వెనక్కి పంపితే మార్చి ఇస్తారు.

రెండు కాపీలు బడి లైబ్రరీలో, ఎదుటి జట్ల బళ్లకు తలా ఒకటి. అసలు ఫొటోలు, పీడీఎఫ్, పేజీల ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, మ్యాచ్ నోట్‌బుక్కులతో కలిపి బీరువాలో పెట్టండి. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతివాళ్లు మొదట అడిగేది ఆ నోట్‌బుక్కులే.